వల విసరమన్నది నేనే

ఒక మనిషిని దొంగను చేశాను. అప్పటికి ఆ మనిషి చెరువు కట్ట మీద తడి బట్టలతో పడి ఉన్నాడు. ప్రాణం లేదు. ఉంటే నా ముఖం మీదే అడిగేవాడు, ఎందుకు సార్ అబద్ధమాడుతున్నారని. అడగలేని వాడి మీద చెప్పాను కాబట్టి నా మాట నిలబడింది. నిలబడిన ఆ మాట కిందే ఇన్నేళ్లు నేనున్నాను.

బరువు అంటారు ఇలాంటి దాన్ని. బరువైతే మోసేవాడి నడకలో తెలుస్తుంది. నా నడకలో ఏమీ తెలియలేదు. వేళకు తిన్నాను, క్లాసులు చెప్పాను, ప్రమోషన్ తీసుకున్నాను, ఆదివారాలు మధ్యాహ్నం నిద్రపోయాను. లోపల ఒక చోట మాత్రం తడి ఆరలేదు. అక్కడ కాలు పడకుండా చుట్టూ తిరిగి నడవడం నేర్చుకున్నాను. ఎంత బాగా నేర్చుకున్నానంటే, ఒక్కోసారి నెలల తరబడి ఆ చోటు ఉందనే మరిచిపోయేవాణ్ణి. అలా మరిచిపోగలగడమే, ఇప్పుడు ఆలోచిస్తే, అన్నిటికంటే భయంగా ఉంది.

నా పేరు రాయను. నేనేం చేశానో తెలియాల్సిన వాళ్లకు ఈ మధ్యే తెలిసింది. నేను పనిచేసే విశ్వవిద్యాలయం పేరు, ఆ చెరువు పేరు కూడా రాయను. శామీర్‌పేట నుంచి మేడ్చల్ వైపు పోయే దారుల్లో ఏదో ఒక చెరువు అనుకోండి. చనిపోయిన మనిషి పేరు మాత్రం రాస్తాను. సాయిలు. ఆ పేరును పాడు చేసినవాణ్ణి నేను. దాన్ని దాచే హక్కు నాకు లేదు.

మాది పశ్చిమ గోదావరి. ఉద్యోగం కోసం ఇటు వచ్చి, పేట్ బషీరాబాద్‌లో ఫ్లాటు కొనుక్కుని, ఇక్కడివాణ్ణే అయ్యాననుకుంటూ బతుకుతున్నాను. ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చెబుతాను. ఆ రోజుల్లో నాకు అదనంగా అంతర్జాతీయ సహకార విభాగం అప్పగించారు. పేరు పెద్దది. ఉన్నది ఒక గది, ఒక కంప్యూటరు, గోడకు ఒక ప్రపంచ పటం. మాతో ఒప్పందం ఉన్న విదేశీ విశ్వవిద్యాలయాలు ఎక్కడెక్కడున్నాయో ఆ పటం మీద రంగు గుండుసూదులు గుచ్చి చూపాలి. సూదులు డబ్బా నిండా ఉండేవి. ఒప్పందాలే లేవు.

గ్రేడు ఇచ్చే కమిటీ వచ్చేలోగా ఒక్కటైనా ఉండి తీరాలని మా వైస్ ఛాన్సలర్ గారు పట్టుబట్టారు. నేను వెతికి వెతికి ఉత్తర యూరప్‌లో ఒక విశ్వవిద్యాలయాన్ని పట్టుకున్నాను. చెరువుల మీద, చెరువుల మీద ఆధారపడి బతికే మనుషుల మీద వాళ్లు పరిశోధన చేస్తారు. చుట్టుపక్కల మత్స్యకార కుటుంబాలతో మేం ఏళ్లుగా కలిసి పనిచేస్తున్నామని వాళ్లకు రాశాను. అది అబద్ధం. మేం చేసిందల్లా ఏడాదికోసారి విద్యార్థులను చెరువు దగ్గరికి తీసుకెళ్లి సీసాల్లో నీళ్లు పట్టుకు రావడం. ఇంకో పని కూడా చేసేవాళ్లం. అది రాయలేదు. మా హాస్టళ్ల మురుగంతా ఒక మోరీ గుండా అదే చెరువులోకి వదిలేవాళ్లం.

నా ఉత్తరానికి వాళ్లు సంతోషించారు. వస్తామన్నారు. వచ్చినప్పుడు ఆ మత్స్యకారులతో కాసేపు మాట్లాడాలని ఉందన్నారు. అంతే అన్నారు. వల విసరడం చూపించమని వాళ్లెవరూ అడగలేదు. ఆ మాట ఇక్కడ గట్టిగా రాయాలి, ఎందుకంటే నాకు నేను చాలాకాలం వాళ్లే అడిగారని చెప్పుకున్నాను. కార్యక్రమంలో దాన్ని కలిపింది నేను. చెరువు గట్టున అతిథులు నిలబడితే, ఎదురుగా నీళ్ల మీద ఒక మనిషి వల విసురుతూ ఉంటే, ఆ ఫోటో మా బ్రోచరు అట్ట మీద ఎలా ఉంటుందో నా కళ్లకు ముందే కనిపించింది.

సాయిలు నాకు తెలిసినవాడు. విద్యార్థులను తీసుకెళ్లినప్పుడల్లా అతనే వాళ్లను తెప్ప మీద తిప్పేవాడు. థర్మోకోల్ దిమ్మలను గోనెసంచుల్లో కుట్టి, వెదురు కర్రలు కట్టి చేసుకున్న తెప్ప. అది ఎక్కడానికి పిల్లలు భయపడుతుంటే, మీ పుస్తకాల సంచి కంటే ఇదే నయం, మునగదు అని నవ్వించేవాడు. నన్ను ఆంధ్ర సారు అనేవాడు. ఆ పిలుపులో వెక్కిరింత ఉండేది, ఇష్టమూ ఉండేది.

ఇక్కడి చెరువుల కట్టుబాటు ఒకటి చెప్పాలి. వానలకు చెరువు నిండాక సంఘం వాళ్లు చేపపిల్లలను వదులుతారు. వదిలాక అవి ఎదిగేదాకా ఎవరూ వల దింపకూడదు. వంతులవారీగా కాపలా కూడా వాళ్లే ఉంటారు. చెరువు ఏ ఒక్కరిదీ కాదు, సంఘంలో సభ్యత్వమున్న ఇళ్లన్నిటిదీ. కాబట్టి ఆ మధ్యలో వల వేసినవాడు అన్ని ఇళ్లలోనూ దొంగతనం చేసినట్టే. సభ్యత్వం కొట్టేస్తారు. సభ్యత్వమంటే చెరువులో ఆ ఇంటి వాటా. ఇంటాయన పోతే భార్యకు వస్తుంది, ఆమె తరవాత పిల్లలకు. భూమి లేని వాళ్లకు అదే భూమి.

ఇదంతా నాకు తెలుసు. విద్యార్థులకు పాఠంగా కూడా చెప్పాను. తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

అతిథులు వచ్చేది చేపపిల్లలను వదిలిన కొద్ది కాలానికే. సంఘాన్ని అడిగితే ఒప్పుకోరు. పైగా మోరీ విషయమై అప్పటికే వాళ్లు మా గేటు ముందు కూర్చుని, ఎవరూ పట్టించుకోక లేచి వెళ్లారు. అందుకే సంఘాన్ని అడగలేదు. సాయిలును ఒక్కణ్ణే మేడ్చల్ రోడ్డు మీది చాయ్ హోటలుకు పిలిచాను. ఆ మాటలు నాకు ఇప్పటికీ పొల్లు పోకుండా గుర్తున్నాయి.

విషయం వినగానే అతను చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏంది సార్, గిది వల ఏసే కాలమా? మొన్ననే గద పిల్ల ఇడిచినం."

"చేపలు పట్టమనడం లేదు సాయిలూ. ఊరికే విసిరి తీసెయ్యి. ఫోటోలకు."

"ఊకెనే ఇసురుడేంది? పెండ్లి పిల్లగాడు లేకుంట బరాత్ తీసినట్టు." నవ్వాడు. "మీ ఆంధ్రోళ్లు మస్తు హుషారు సార్. మీ దిక్కు పొలాలు తవ్వి శెర్వులు జేస్తరు. గీడికొచ్చి మా శెర్వును సిన్మా జేస్తరా?"

"వాళ్లు ఎంత దూరం నుంచి వస్తున్నారో తెలుసా?"

"దూరంకెల్లి ఒస్తే కడుపు నిండ వెట్టుండ్రి. మా బాలమణి శాపల పులుసు వండుతది. తెల్లోళ్లు ఏళ్లు నాకుతరు. వల ఎందుకు?"

అప్పుడు నేను మోరీ మాట ఎత్తాను. అది నేను ముందే అనుకుని వెళ్లిన మాట. ఈ విదేశీ ప్రొఫెసర్లు చెరువుల మీద పనిచేసేవాళ్లు, నీళ్ల సంగతి వాళ్లు తమ రిపోర్టులో రాస్తే మా వీసీ గారికి తప్పదు, మోరీ మళ్లిస్తారు అన్నాను. అటువంటిదేమీ జరగదని నాకు తెలుసు. ఆ చెరువులో మురుగు కలుస్తున్న వైపుకు అతిథులను తీసుకెళ్లకుండా దారి కూడా అప్పటికే గీసి పెట్టుకున్నాను.

సాయిలు నవ్వడం మానేశాడు.

"నిజంగ బందైతదా సార్?"

"నేను చూసుకుంటాను."

"మొన్న ఎండాకాలం శాపలు ఎల్లకిల తేలినయ్ సార్. బుట్టలకెత్తి బొందవెట్టినం. గది బందైతె సంగపోళ్లు నన్నేం అన్నా వడ్త." చాయ్ గ్లాసు మళ్లీ చేతికి తీసుకున్నాడు. "గని తెప్ప మీద ఇద్దరుండాలె. ఒగలు తెడ్డేస్తే ఒగలు ఇసరాలె. గిట్ల సాటుంగ ఎవడొస్తడు నాతోని?"

"ఒక్కసారే కదా. ఒక్కడివే చేయలేవా?"

"చేస్త, ఏమున్నది." లేచి నిలబడ్డాడు. "మీ మాట మీద దిగుతున్న సార్. ఎవలన్న సూసి లొల్లి జేస్తే మీరే జెప్పాలె, మేమే రమ్మన్నమని. లేకుంటే నన్ను దొంగను జేస్తరు."

"నేను చెప్తాను సాయిలూ," అన్నాను.

చెప్తాను అన్నాను. ఆ మూడక్షరాల మాటను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నానో. ఆ క్షణంలో అబద్ధమాడానా? లేదు. అప్పుడు నిజంగానే చెబుదామనుకున్నాను. మంచివాడిననుకునే మనిషికి అదొక వెసులుబాటు. అన్నప్పుడు నిజమే కదా అని.

అతని వల పాతది, వాడి వాడి నల్లబడింది. ఫోటోలో నీళ్ల రంగులో కలిసిపోతుందనిపించి నేనే కొత్తది కొనిచ్చాను. తెల్లగా మెరిసే నైలాను వల. చేతిలోకి తీసుకుని ఎగరేసి చూసి, అంచుకున్న సీసం గుండ్లు తన పాతదానికంటే బరువున్నాయని చెప్పాడు. అలవాటవుతుందిలే అన్నాను.

ఆ రోజు పొద్దున బంగాళాఖాతంలో వాయుగుండమని వార్తల్లో చెప్పారు. ఇక్కడ వాన లేదు గానీ గాలి ఉంది, మబ్బు ఉంది. అతిథులు గెస్ట్ హౌస్‌లో టిఫిన్లు చేస్తుండగా నేను ముందుగా చెరువు దగ్గరికి వెళ్లాను. కాపలా వాళ్లకు కనిపించకుండా గుట్ట అడ్డమున్న మూల ఎంచుకున్నాం. సాయిలు అప్పటికే నీళ్ల మీద ఉన్నాడు. నన్ను చూసి చెయ్యెత్తాడు. వెనక బండలు కూడా ఫోటోలో పడితే బాగుంటుందని, ఇంకొంచెం లోపలికి జరగమని చేత్తో సైగ చేశాను. గాలి ఉన్నది సార్ అని అరిచాడు. నేను మళ్లీ సైగ చేశాను. జరిగాడు.

తెప్ప మీద నిలబడి ఒకసారి విసిరాడు. వల గుండ్రంగా విచ్చుకుని నీళ్ల మీద పడింది. ఫోటోకు ఎంత బాగుంటుందో అనుకున్నాను. ఇంకేమీ అనుకోలేదు. అతని కాళ్ల కింద తెప్ప ఊగుతోందని చూశాను, చూసి కూడా ఏమీ అనుకోలేదు. వ్యాను వస్తోందేమోనని రోడ్డు వైపు తిరిగాను.

మళ్లీ ఇటు తిరిగేసరికి తెప్ప ఒక్కటే ఉంది.

అరిచాను. గుట్ట అవతల బర్రెలను కడుగుతున్న ఇద్దరు మనుషులు పరిగెత్తుకుంటూ వచ్చి దూకారు. వల తాడు అతని మణికట్టుకు కట్టి ఉంది. రెండోసారి విసిరినప్పుడు పట్టు తప్పి నీళ్లలో పడి, వల కూడా మీద పడి, కాళ్లకు నాచు చుట్టుకుని ఉంటుందని తరవాత అన్నారు. ఒడ్డుకు తెచ్చి బోర్లా పడుకోబెట్టి వీపు నొక్కారు. నీళ్లు వచ్చాయి. మనిషి రాలేదు.

కాసేపటికి ఊరు ఊరంతా కట్ట మీద ఉంది. సంఘం అధ్యక్షుడు పెంటయ్య వచ్చాడు. ఎస్సై వచ్చాడు. పెంటయ్య ముందు శవాన్ని చూశాడు, తరవాత దాని పక్కనున్న వలను చూశాడు. మెల్లగా వంగి దాన్ని వేళ్లతో తడిమాడు. ఎవరికీ చెప్పకుండా కొన్న కొత్త వల. సంఘానికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆ వల కొన్నవాణ్ణి నేను రెండడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

బాలమణి జనాన్ని తోసుకుంటూ వచ్చింది. భర్త మీద పడలేదు. నా దగ్గరికి వచ్చింది.

"గీ సారే పిలిచిండు! తెల్లోళ్లకు సూపెడ్తందుకు రమ్మన్నడని నాకు జెప్పిండు. జెప్పు సార్, జెప్పు!"

పెంటయ్య నా వైపు తిరిగాడు. కోపంగా కూడా లేడు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. "ఏంది సార్? మీరేమన్న రమ్మన్నరా?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఎస్సై కూడా. నాకేం గుర్తొచ్చిందో చెబుతాను. చనిపోయిన మనిషికిచ్చిన మాట కాదు. ఆ మధ్యాహ్నం జరగాల్సిన సంతకాలు గుర్తొచ్చాయి. రేపటి పేపరు గుర్తొచ్చింది. మా వీసీ గారి ముఖం గుర్తొచ్చింది.

"లేదండీ," అన్నాను. "మా కార్యక్రమం క్యాంపస్‌లోనే. దారి చూద్దామని ఇటు వచ్చాను. వల సంగతి నాకు తెలియదు."

చదువుకున్నవాడి మాట. ప్యాంటు, షర్టు, మెడలో ఐడీ కార్డు. ఎదురుగా తల విరబోసుకుని అరుస్తున్న ఆడమనిషి. ఎవరి మాట నిలబడుతుందో చెప్పక్కర్లేదు. ఆమె నన్ను తిట్టలేదు. నోరు తెరిచి అలాగే చూసింది. ఒక మనిషి పట్టపగలు, శవం పక్కన నిలబడి, అంత మామూలు గొంతుతో అబద్ధమాడగలడని ఆమెకు అప్పటిదాకా తెలియదనుకుంటాను. నాకూ తెలియదు.

మధ్యాహ్నం ఇంటికెళ్లి బట్టలు మార్చుకుని భోజనాలకు హాజరయ్యాను. అతిథులకు శాలువాలు కప్పాం, జ్ఞాపికలిచ్చాం. వాళ్ల బృందానికి పెద్ద, జుట్టు నెరిసినావిడ, చెరువు చూడలేకపోయామే అంది. గాలి ఎక్కువగా ఉంది, మా మత్స్యకారుడికి జ్వరం వచ్చింది అన్నాను. పాపం, త్వరగా కోలుకోవాలి అంది. సంతకాలయ్యాయి. సాయంత్రం పటం మీద ఎర్ర తల ఉన్న సూది గుచ్చాను.

సంఘం సాయిలు పేరు కొట్టేసింది. బాలమణికి సభ్యత్వం ఇవ్వలేదు. దొంగ ఇంటికి వాటా లేదన్నారు. అది అన్యాయమని నేను వాళ్లను అనలేను. వాళ్ల ముందున్న సాక్ష్యంతో వాళ్లు న్యాయమే చేశారు. సాక్ష్యం పాడు చేసింది నేను. చేపలు పట్టే కాలం వచ్చినప్పుడు ఊరంతా కట్ట మీద ఉంటే ఆమె ఇంట్లో తలుపేసుకుని కూర్చునేదని తరవాత విన్నాను. నీళ్లకు పోయినా, కిరాణా కొట్టుకు పోయినా, దొంగ సాయిలు పెండ్లామనే అనేవారట.

కొన్నేళ్లకు ఆ ఒప్పందం కిందే నేను వాళ్ల దేశం వెళ్లాను. చలి. గాజు గోడల గదులు. ఆ నెరిసిన జుట్టావిడ నన్ను గుర్తుపట్టి కాఫీ ఇచ్చి, మీ మత్స్యకారుడికి జ్వరం తగ్గిందా, కులాసాగా ఉన్నాడా అని అడిగింది. ఎంత జ్ఞాపకం! ఉన్నాడు, బాగున్నాడు అన్నాను. ఈసారి వస్తే తప్పకుండా కలుస్తానంది. ఆ రాత్రి కాదు, ఆ క్షణమే తెలిసింది నాకు, నేనేం చేశానో. అక్కడ సాయిలు బతికే ఉన్నాడు. ఇక్కడ దొంగగా చచ్చాడు. రెండూ నా నోటి మాట మీదే.

అయినా తిరిగొచ్చి ఏం చేశాను? ఏమీ చేయలేదు. ఆ సహకారం పుణ్యమా అని మాకు విదేశీ విద్యార్థులకోసం కొత్త హాస్టలు మంజూరైంది. దాని మురుగు కూడా ఆ మోరీలోకే కలిపారు. కట్టేటప్పుడు కమిటీలో నేనున్నాను. సంతకం పెట్టాను.

మా ఆవిడ ఆదివారాలు చేపలు తెచ్చేది. పేట్ బషీరాబాద్‌లో మెయిన్ రోడ్డు పక్కన ఒకామె అమ్ముతుందని, చక్కగా శుభ్రం చేసి ఇస్తుందని చెప్పేది. మా గోదావరి వైపు నుంచి లారీల్లో ఐసు వేసుకొచ్చే చెరువు చేపలే. ఈ మధ్య మా ఆవిడకు మోకాళ్ల నొప్పి వచ్చి నన్ను పంపింది. వెళ్లాను. ముక్కాలి పీట మీద కత్తిపీట ముందు కూర్చున్నది బాలమణి.

గుర్తుపట్టింది. నాకు తెలిసిపోయింది, కత్తిపీట మీద చెయ్యి ఒక్క క్షణం ఆగింది కాబట్టి. మా ఇంటికే ఇన్నాళ్లూ చేపలు ఇస్తున్నట్టు ఆమెకు తెలుసా? తెలుసేమో. నేను తిట్లకోసం నిలబడ్డాను. ఆమె తల దించుకుని పొలుసు తీసింది, ముక్కలు కోసింది, కవర్లో వేసింది. కవరు అందిస్తూ, "అమ్మకు మోకాళ్లు ఎట్లున్నయ్ సార్?" అంది. అంతే. తెలుసన్నమాట. చెరువులో వాటా ఉండాల్సిన మనిషి, రోడ్డు మీద మా వైపు చేపలు కోసి మా ఇంటికి పంపుతూ, మా ఆవిడ మోకాళ్ల గురించి అడుగుతోంది.

ఆ చేపల కూర నేను తినలేదు. కానీ అదేం ఘనత? ఆ తరవాతి ఆదివారం మళ్లీ వెళ్లాను. జనం పలచబడేదాకా పక్కన నిలబడి, చివరికి చెప్పాను. సాయిలును పిలిచింది నేనే, వల కొన్నది నేనే, ఆ రోజు అబద్ధం చెప్పాను అని.

ఆమె కత్తిపీట కడుగుతూ వింది. "నాకు జెప్పుడేంది?" అంది. "నాకు ఎర్క లేదా? సంగంల జెప్పు."

చెప్పాను. వాళ్లు కూర్చునే రోజు కనుక్కుని వెళ్లాను. సంఘం గది చిన్నది, బయట రేకుల పందిరి కింద కూర్చున్నారు. చాలామంది కొత్తవాళ్లు. పెంటయ్య మాత్రం ఉన్నాడు, ముసలివాడయ్యాడు. నిలబడి చెప్పాను. చాయ్ హోటలు, మోరీ మాట, కొత్త వల, కట్ట మీద నేనన్న మాట. ఆగి ఆగి చెప్పాను. ఎవరూ అడ్డు రాలేదు.

అయ్యాక వెనక నుంచి ఎవరో అన్నారు, "ఇగ రిటైరయ్యే యాల్లయింది గద, ఇప్పుడు నిజం యాదికొచ్చినట్టున్నది." కొందరు నవ్వారు. ఆ మాటలో నిజముందా? ఉందనుకుంటాను. ఉద్యోగం మొదట్లో ఉన్నవాణ్ణైతే వచ్చేవాణ్ణా? నాకు నమ్మకం లేదు.

పెంటయ్య తన వేళ్ల వైపు చూసుకున్నాడు. "గా వల నేను పట్టి సూసిన సార్," అన్నాడు. "కొత్త వల కొనేటంత పైసలు సాయిలుకు యాడియని అప్పుడు నేనే అడగకపోతి." ఆయన నన్ను క్షమించలేదు, తిట్టలేదు. తనను తానే తప్పు పట్టుకున్నాడు. దాని కంటే తిట్టే నయం. సాయిలు పేరు, బాలమణి సభ్యత్వం సంగతి పెద్దలు మాట్లాడుకుని చెబుతారన్నారు. ఇంకా చెప్పలేదు.

వచ్చేస్తుంటే, పందిరి బయట నిలబడి అంతా విన్న బాలమణి ఒక్కటే ప్రశ్న అడిగింది. ఇంకెవరికీ వినబడనంత మెల్లగా.

"నువ్వు సూసినప్పుడు పానం ఉండెనా సార్?"

"తెలియదమ్మా," అన్నాను.

ఇక్కడితో ఆపుదామనుకున్నాను. నిజం చెప్పేశాను, అబద్ధం సరిదిద్దాను అని ముగించవచ్చు. కానీ ఇంతకు ముందు రాసింది మళ్లీ చదివితే, ఒక చోట తప్పు రాశానని తెలిసింది. తప్పు కాదు, దాటేశాను. సంఘంలో కూడా అలాగే దాటేశాను.

ఇటు తిరిగేసరికి తెప్ప ఒక్కటే ఉంది అని రాశాను. తరవాతి మాటే అరిచాను అని రాశాను. అది అలా జరగలేదు.

తెప్ప ఒక్కటే ఉంది. దాని పక్కన తెల్లటి వల నీళ్లలో ముడుచుకుంటూ, విచ్చుకుంటూ ఉంది. గాలికి కదిలిందో, లోపల మనిషి కదిలిస్తే కదిలిందో నాకు తెలియదు. కదిలింది. అది చూస్తూ నేను జేబులోంచి ఫోను తీశాను. అతిథుల వ్యాను డ్రైవరుకు చేశాను. వెంటనే ఎత్తలేదు. మోగుతుంటే చెవికి పెట్టుకుని నిలబడ్డాను. ఎత్తాక, ఇటు రావద్దు, వెనక్కి తిప్పు, క్యాంపస్‌కే తీసుకెళ్లు అన్నాను. ఎందుకు సార్ అన్నాడు. చెప్పింది చెయ్యి అన్నాను. ఫోను జేబులో పెట్టుకున్నాను. అప్పుడు అరిచాను.

ఎంతసేపు? కొలవలేను. కొలిచి, అంతలో బతికేవాడు కాదని తేల్చుకోవాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. తేలలేదు. బర్రెలు కడిగే ఆ ఇద్దరూ గుట్ట అవతలే ఉన్నారు. పిలుపందే దూరంలోనే ఉన్నారు. అరిచాక ఎంత త్వరగా వచ్చారో నేను చూశాను.

కాబట్టి బాలమణి అడిగినదానికి తెలియదని నేను చెప్పిన జవాబు సగమే నిజం. ఉందో లేదో తెలియదు. ఉండి ఉండవచ్చని మాత్రం ఆ క్షణంలోనే తెలుసు. తెలిసి, ముందు ఫోను చేశాను.

ఆమెకు ఇది చెప్పాలి. చెబితే ఆమెకేం మేలు? ఇన్నేళ్లకు భర్త పేరు కాస్త తేటపడుతుంటే, ఆయన బతికేవాడేమో అన్న ఆలోచన ఆమె మీద వేయడం న్యాయమా? లేక ఈ ప్రశ్న కూడా తప్పించుకోవడానికి నేను వెతుక్కున్న కొత్త దారా? నాకు తేల్చుకోవడం రావడం లేదు. ఆమె అడిగింది. అడిగినదానికి జవాబు నా దగ్గరుంది. అంతవరకే తెలుసు.

క్షమాపణ కోసం ఇది రాయలేదు. ఇవ్వగలిగినవాడు లేడు. ఇవ్వగలిగిన ఆమెను అడిగే ముఖం నాకు లేదు. కానీ ఆ ఫోను సంగతి ఇంతవరకు మా ఆవిడకు చెప్పలేదు, సంఘంలో చెప్పలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా మాటల్లో పెట్టుకోలేదు. మొదటిసారి మాటల్లో పెట్టాను. ఊపిరి ఇప్పుడు లోపలి దాకా వెళుతోంది.